బెర్నీస్ కుక్కకి బండి లాగడం ఎప్పుడు నేర్పాలి?

మేము మిచిగాన్‌లో ఉంటాం. మా బెర్నీస్ మౌంటెన్ డాగ్‌కి పద్నాలుగు నెలలు, మంచి బలంగా ఉంది. ఇప్పుడే బండి కట్టొచ్చా? అమెరికా బెర్నీస్ క్లబ్ పెట్టే డ్రాఫ్ట్ టెస్ట్ (కుక్కలకి బండి లాగే పరీక్ష) ఇప్పించాలని ఉంది.

జవాబు 1: ఇప్పుడే బరువు వద్దండి, కీళ్లు ఇంకా గట్టిపడాలి. టెస్టుకి కూడా రెండేళ్లు నిండాలి. ఈలోపు ఖాళీ హార్నెస్ (బండి కట్టడానికి ఒంటికి వేసే పట్టీలు) వేసి తిప్పండి, తర్వాత తేలికైన చెక్కముక్క లాగించి వెనక వచ్చే చప్పుడుకి బెదరకుండా అలవాటు చేయండి, బండి ఆఖరికి.

జవాబు 2: టెస్టులో బలం కన్నా మాట వినడం ముఖ్యం అండి. ఇరుకు దారిలో తగలకుండా పోవాలి, బండితో సహా వెనక్కి నడవాలి, అరమైలు బరువు లాగాలి. మా దానికి వెనక్కి నడక నేర్పడానికే నెలలు పట్టింది. స్విట్జర్లాండ్‌లో వీటి పూర్వీకులు పాలక్యాన్లు లాగినవే, తొందరపెట్టకండి.