సమస్య: అడుగు వేయకుండ నచటఁ జేరె

మోడరేటర్: నిన్ననే జోర్డాన్ నుంచి దిగాను. కొండరాతిలో చెక్కిన పాత నగరం పెట్రా చూడాలని పదిహేనేళ్ళుగా కోరిక. సీక్ అనే కొండచీలికలో 1.2 కిలోమీటర్ల నడక, పైన ఆకాశం నాడాలా సన్నగా, ప్రతి మలుపు దగ్గరా ఇదే ఆఖరిది అనుకోవడం, కాకపోవడం. కాళ్ళు పీకుతుంటే ఓ పెద్దాయన బ్యాటరీ బండిలో కాలు మీద కాలేసుకుని నన్ను దాటిపోయాడు. సమస్య అక్కడే పుట్టింది. పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా ఆటవెలది పద్యం పూరించాలి. కానివ్వండి.

గోదారిగాలి:
మెట్లు చూడఁగానె మేనులో వణుకుతో
గాడిదొకటి చూచి గట్టి బేర
మాడి డబ్బులిచ్చి మా బావ దానిపై
నడుగు వేయకుండ నచటఁ జేరె

(పెట్రాలో కొండ పైన ఉన్న రాతి కట్టడం దేర్‌కి 800 మెట్లు పైమాటేనట. మా బావ నిజంగానే అంత పని చేశాడు.)

అరసున్న: బేరం బాగుంది. కానీ "దానిపై నడుగు వేయకుండ" అంటే గాడిదని తొక్కలేదనే కదా అర్థం వస్తోంది? మరి మీ బావగారు ఎక్కినట్టా, ఎక్కనట్టా? పోయిన నెల కాకి పూరణలోనూ ఇంతే, కాకి వాలిందో లేదో ఇప్పటికీ తేలలేదు.

గోదారిగాలి: కాకి సంగతి మీరు వదలరు కదండీ.

కలంపోటు:
ఇరుకు కొండచీలి కెదురైన బెదరక
కాళ్ళు నొచ్చుచున్నఁ గదలి పోయి
మనసు పడిన యాత్ర మధ్యలో వెనుకకు
నడుగు వేయకుండ నచటఁ జేరె

గోదారిగాలి: "వెనుకకు" పెట్టేసి గట్టెక్కారు. ఇది మీ పాత చిట్కానే గురువుగారూ, వరుసగా మూడోసారి.

కలంపోటు: గాడిదనెక్కి గట్టెక్కడం కంటే నయమే.

కొత్తపెన్ను: నమస్కారం, ఇది నా మొదటి ప్రయత్నం. సీక్ చివర ఎదురయ్యే ఖజానా అనే రాతి కట్టడం మీద రాస్తున్నాను. మొదటి పాదం "ఖజానా ముందర నిలిచి" అని ఎత్తుకున్నాను, ఎంత తిప్పినా కుదరడం లేదు.

అరసున్న: కుదరదు బాబూ. ఆ మాట లఘువుతో (పొట్టి అక్షరం) మొదలై రెండు గురువుల్లో (పొడుగువి) పడుతుంది, ఆటవెలది పాదం మొదట ఉండాల్సిన సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) దగ్గరకే రానివ్వదు. "ఆ ఖజానా" అని పాదం రెండో సగంలోకి తోయండి, లేదా బొక్కసం అనండి. నిజానికి అది సమాధి అంటారు. పైనున్న రాతి కలశంలో ఫారో నిధి ఉందని నమ్మి అక్కడి ఎడారి సంచారులు, బెదూయిన్లు, దాన్ని తుపాకులతో కాల్చారట, ఆ గుండు దెబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి. అంత కాల్చినా ఒక్క కాసు రాలలేదు. ఇందులోనే ఓ పద్యం ఉంది, పట్టుకోండి. ఇక నాది:

మట్టి గొట్టమందు మసలుచుఁ బాఱుచు
నూట నీరు కొండ యొడిని దాఁటి
యిసుక నడుమ నున్న యెండు గొంతులఁ దడ్ప
నడుగు వేయకుండ నచటఁ జేరె

మోడరేటర్: అబ్బ! ఇదీ పూరణంటే. మనిషిని వదిలేసి నీళ్ళని పట్టుకున్నారు. పెట్రా కట్టిన నబతీయులు ఐన్ మూసా ఊట నుంచి సీక్ గోడల వెంట మట్టి గొట్టాలేసి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చుకున్నారు, ఆ కాలవల గాడులు నేను చేత్తో తడిమి చూశాను. అంత నడకా నడిచి నాకు తట్టలేదే!

గోదారిగాలి: బాగుంది, కాదనను. కానీ "మసలుచు" ఏమిటండీ? నీళ్ళు మసలడమంటే కాగడం. ఆ ఎండకి ఊళ్ళోకి వచ్చేసరికి టీపొడి వేసుకోవడానికి సిద్ధంగా ఉండేవా?

అరసున్న: మసలు అంటే మెలగడం అనే అర్థమూ ఉంది. నిఘంటువు చూడండి.

గోదారిగాలి: చూశాను. రెండూ ఉన్నాయి. నా గాడిదకి మాత్రం ఒకే అర్థం ఇచ్చారేం?

కలంపోటు: 1812లో స్విస్ యాత్రికుడు బుర్క్‌హార్ట్ ముస్లిం వేషం కట్టి, హారూన్ ప్రవక్త సమాధి దగ్గర మేకని బలిస్తానని మొక్కు చెప్పి మరీ పెట్రా లోపలికి వెళ్ళాడు. ఈసారి ఆయన మీద రాస్తాను, వెనుకకు లేకుండా.

గోదారిగాలి: మేక మీద రాయండి. దాని తరఫున ఎవరూ రాయలేదు.

కొత్తపెన్ను: బొక్కసంతో ఎత్తుకున్నాను, రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం) దగ్గర ఆగింది. రేపు పెడతాను.