తరంగంబాడి జియోక్యాష్: ఆఖరి పాయింట్ సముద్రంలో పడుతోంది, ఎవరైనా తీశారా?

ఈసీఆర్_బాటసారి:
తమిళనాడు తీరాన తరంగంబాడిలో ఒక జియోక్యాష్ (జీపీఎస్ అంకెల సాయంతో దాచిన డబ్బా వెతికే ఆట) కోసం మధ్యాహ్నం నుంచి ఎండలో తిరిగి తిరిగి ప్రాణం విసిగిపోయిందండీ. నేను, మా ఆవిడ, పాప. ఊరి పాత గేటు దగ్గర మొదలుపెట్టి రాజ వీధిలో చర్చిలు రెండూ చూసుకుంటూ కోట దాకా వచ్చాం, అన్నిచోట్లా రాసి ఉన్న అంకెలు రాసుకున్నాం, వాటితో డబ్బా ఉన్న ఆఖరి పాయింట్ అక్షాంశ రేఖాంశాలు కట్టే లెక్క మళ్ళీ మళ్ళీ చూసుకున్నాం, తేడా ఏం లేదు, కానీ ఆఖరి పాయింట్ పెడితే మాత్రం నీళ్ళలో చూపిస్తోంది. ఒడ్డున మాసిలామణి నాథర్ గుడి ఉంది కదా, ముందు భాగం సముద్రంలో కలిసిపోయిన గుడి, ఆ రాళ్ళ సందుల్లో పెట్టారేమో, నీళ్ళు వెనక్కి పోతే కనిపిస్తుందేమో అని కూర్చున్నాం. దాచినాయనకి మెసేజ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. తీసినవాళ్ళెవరైనా ఉంటే చీకటి పడేలోపు చెప్పండి ప్లీజ్.

మ్యాప్_మావయ్య:
ఏ యాప్? అంకెలు ఎలా కొట్టారు?

పాత_పుస్తకాలు:
తరంగంబాడి అనగానే ఆగలేకపోయానండీ, క్యాష్ సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు గానీ మీరు నిలబడ్డ చోటు తెలుగువాళ్ళకి చాలా దగ్గరి చోటు. డేన్స్‌బోర్గ్ కోట 1620లో డెన్మార్క్ వాళ్ళు కట్టుకున్నారంటే ఆ జాగా ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, స్వయంగా తెలుగులో కావ్యాలు రాసిన రాజు. తర్వాత 1706లో జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ పాద్రీ వచ్చి తమిళం నేర్చుకుని అచ్చు యంత్రం తెప్పించాడు, మీరు చూసిన రెండు చర్చిల్లో 1718 నాటి కొత్త జెరూసలేం చర్చి ఆయన కట్టించిందే, ఆయన సమాధి కూడా అందులోనే. ఇక 1719లో దిగిన బెంజమిన్ షుల్జ్ మద్రాసు వెళ్ళి తెలుగు పట్టుబట్టి నేర్చుకున్నాడు, జర్మనీలో హాలే ఊళ్ళో 1746 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు, తెలుగులో తొలి అచ్చు పుస్తకాలంటే అవే చెప్తారు. పాపకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

సముద్రపు_గాలి:
అన్నా ముందు ఆ రాళ్ళ మీంచి దిగండి. గుడి 1306 నాటిది, పాండ్యుల కాలంది, దాన్ని కాపాడటానికి వేసిన బండరాళ్ళు అవి, నాచు పట్టి జారతాయి, పాపతో అసలు వద్దు. ఇంకోటి, అక్కడ పోటుకీ ఆటుకీ తేడా మీటరు కూడా ఉండదు, నీళ్ళు వెనక్కి పోయి ఏదో బయటపడటం అనేది జరగదు. తెలిసిన వాడెవడూ అక్కడ డబ్బా పెట్టడు.

రూల్స్_రాజు:
పైగా పాత కట్టడాల గోడల్లో, రాళ్ళ సందుల్లో పెట్టడం పద్ధతి కాదు. ఎవరూ ఇటుకలు కదిలించి చూడొద్దు దయచేసి, ఒకడు వేలు పెడితే వెనక వచ్చే పదిమందీ అదే పని చేస్తారు.

ఈసీఆర్_బాటసారి:
దిగేశామండీ, కోట ముందు కూర్చున్నాం. మావయ్య గారూ, గూగుల్ మ్యాప్‌లోనే పెట్టా. గేటు మీద 1792, అవి కూడితే 19, చర్చి మీద

రూల్స్_రాజు:
సమాధానాలు ఇక్కడ పెట్టకండి! వేరేవాళ్ళకి ఆట పాడవుతుంది.

పాత_పుస్తకాలు:
1792 ఆ గేటు మీదే ఉంది, చరిత్ర పుస్తకాల్లోనూ ఉంది, అందులో రహస్యమేముందండీ.

రూల్స్_రాజు:
ఊరికి వెళ్ళకుండానే ఇంట్లో కూర్చుని తీసేస్తే అది మల్టీ రకం క్యాష్ ఎలా అవుతుంది? మిస్టరీ అయిపోతుంది.

సముద్రపు_గాలి:
లెక్కలున్నాయంటే మిస్టరీయే కదా.

రూల్స్_రాజు:
కాదు. ఇచ్చిన పాయింట్‌కి నిజంగా వెళ్ళి, అక్కడ చూసి, తర్వాతి చోటు పట్టుకోవాలి, అది మల్టీ. మిస్టరీలో ఇచ్చిన పాయింట్ దగ్గర మామూలుగా ఏమీ ఉండదు, ముందు పజిల్ విప్పాలి. కూడికలు రెండిట్లోనూ ఉండొచ్చు.

మ్యాప్_మావయ్య:
ఆ గొడవ తర్వాత చూసుకోండి. బాటసారి గారూ, అక్షాంశ రేఖాంశాల్లో చుక్క తర్వాతి మూడు అంకెల్ని ఏం చేశారు?

ఈసీఆర్_బాటసారి:
సెకన్లండీ. డిగ్రీలు, నిమిషాలు, మిగిలినవి సెకన్లు. మామూలు క్యాష్‌లకి యాపే దారి చూపిస్తుంది, చేత్తో కొట్టాల్సి రావడం ఇప్పుడే.

మ్యాప్_మావయ్య:
దొరికింది. అవి సెకన్లు కావు, నిమిషంలో భాగాలు. జియోక్యాషింగ్‌లో అన్నీ ఈ లెక్కలోనే ఇస్తారు. ఉదాహరణకి 11 డిగ్రీల 01.450 అనుకోండి (మీ అసలు అంకెలు ఇక్కడ పెట్టొద్దు, రాజు గారు ఒప్పుకోరు), .450 ని 60తో గుణిస్తే 27 సెకన్లు. మీరు ఆ 450 ని 45.0 సెకన్లు అని కొడితే 18 సెకన్లు ఉత్తరానికి పోయారు. అక్షాంశంలో సెకను అంటే సుమారు 31 మీటర్లు, అంటే అర కిలోమీటరు పైనే. రేఖాంశంలోనూ ఇదే కథ, తూర్పుకి జరుగుతుంది. కోట దగ్గర తూర్పు అంటే నీళ్ళే కదా, ఉత్తరం అంటే గుడి వైపు, అందుకే గుడి అనిపించింది. చుక్క తర్వాత .600 దాటి ఉంటే సెకన్లు 60 దాటేవి, మ్యాప్ ఒప్పుకునేది కాదు, అప్పుడే తెలిసిపోయేది. మీవి దాటలేదు కాబట్టి చల్లగా ఒప్పేసుకుంది. గూగుల్‌లో డిగ్రీ, ఒక ఖాళీ, నిమిషం చుక్కతో సహా అలాగే కొట్టండి, కామా పెట్టి రెండోది, అంతే: 11 01.450, 79 51.400 ఇలా. సెకన్ల గుర్తులు వద్దు. ఆఖరి అంకె ఒకటి అటూ ఇటూ అయితే రెండు మీటర్ల లోపే తేడా, ఫోన్ జీపీఎస్సే అంతకంటే ఎక్కువ తప్పుతుంది, కాబట్టి పాయింట్‌కి చేరాక ఫోన్ జేబులో పెట్టి చుట్టూ కళ్ళతో వెతకండి.

సముద్రపు_గాలి:
ఇది భలే చెప్పారు మావయ్యా. నేను ఇన్నాళ్ళూ యాప్‌నే నమ్ముకున్నా.

రూల్స్_రాజు:
పెన్ను ఉందా? చిన్న డబ్బాల్లో కాయితం తప్ప పెన్ను ఉండదు. సంతకం లేకపోతే దొరికినట్టు లెక్క కాదు.

పాత_పుస్తకాలు:
1845లో డేన్లు ఈ ఊరిని ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారు, బెంగాల్‌లో వాళ్ళదే అయిన సెరాంపూర్‌తో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి. తర్వాత రేవు కళ తప్పింది, అందుకే ఆ వీధులు ఇంకా అలా మిగిలాయి. వెలుగు ఉంటే గవర్నర్ బంగళా కూడా చూడండి, కోటకి ఎదురుగానే.

ఈసీఆర్_బాటసారి:
ఊళ్ళోనే చూపిస్తోంది ఇప్పుడు, వెళ్తున్నాం. పెన్ను ఉంది. థ్యాంక్సండీ మావయ్య గారూ.

సముద్రపు_గాలి:
దొరికిందా?

కొత్త_సభ్యురాలు:
చెన్నై నుంచి రైలు అయితే మయిలాడుతురైలో దిగాలా, కారైక్కాల్ వైపు నుంచి దగ్గరా? పాండిచ్చేరిలో ఉన్న మా అక్క వాళ్ళతో ఆదివారం వెళ్దామని.

రూల్స్_రాజు:
దానికి వేరే పోస్టు పెట్టండమ్మా. ఇంతకీ మల్టీ సంగతి, నేను చెప్పిందే కరెక్ట్.