పాత బలిపీఠం చెక్కపని బాగుచేసేవాళ్లు వరంగల్‌లో ఉన్నారా?

హన్మకొండ మనవడు: మా తాత వడ్రంగి. రథాలు, గుడి తలుపులు చెక్కినోడే, వయసు మళ్లాక చుట్టుపక్కల చర్చిల్లో పాడైన బలిపీఠాలు కూడా బాగుచేశాడు. ఆయన చేతిపని ఉన్న ఒక టేకు పీఠానికి ఇప్పుడు పురుగు పట్టి, ద్రాక్షగుత్తుల చెక్కడం దగ్గర పిండిలా పొడి రాలుతోంది. సంఘపెద్దలు పుట్టీ పెట్టి ఎనామిల్ కొట్టిద్దామంటున్నారు, నాకేమో టెన్షన్.

ఉలి_సుత్తి: అన్నా, రంగు మాత్రం వేయనియ్యకు. పొడి తుడిచేసి కింద నల్ల కాగితం పరుచు, మళ్లీ పడుతుంటే పురుగు ఇంకా లోపల బతికుండొచ్చు, అప్పుడు రంధ్రాల్లోకి సిరంజీతో మందు ఎక్కించాలి. పుచ్చినంత మేరకే తీసి, అదే టేకు ముక్కను నార ఒకే దిక్కుకు ఉండేలా సరేసుతో (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు) అతికించాలి. సరేసయితే రేపు వేడి, తడి తగిలించి ఊడదీయొచ్చు, ఎపాక్సీ జిగురు అంత తేలిగ్గా రాదు.

కాజీపేట రైలు: పోలండ్‌లోని క్రాకో నగరంలో ఉన్న చెక్క బలిపీఠం గురించి చదువు. ఫైట్ ష్టోస్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా చేశాడు, బొమ్మలు లిండెన్ అనే యూరప్ చెట్టు కర్రవి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు దాన్ని ఎత్తుకెళ్లారు, 1946లో తిరిగొచ్చింది.

నిర్మల్ పిల్ల: మా దగ్గర బొమ్మలకు వాడే పొనికి కర్ర పెట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది మరీ మెత్తన. రథాలు చేసే పెద్దవాళ్లను అడగండి. తాతగారి ఉలులు ఉన్నాయా?

హన్మకొండ మనవడు: ఉన్నాయి అక్కా, తుప్పు పట్టాయి. ఆదివారం ఫొటోలు పెడతా.