సమస్యాపూరణం: కోర్కెఁ దీర్చెడువాఁడె పో కొంప ముంచు

అరండల్‌పేట:
(పాల్గొన్నవారిని పేటల పేర్లతో గుర్తించాం.) ఈసారి విషయం 'బాబిలాన్ 5' అనే అంతరిక్ష కేంద్రంలో నడిచే అమెరికన్ టీవీ సీరియల్లోని మోర్డెన్. మొదటి సీజన్లో (1994) సూటు వేసుకుని, చిరునవ్వుతో స్టేషన్‌లో దిగి, సెంటారీ జాతి రాయబారి లోండోతో సహా రాయబారుల్ని ఒక్కొక్కరినీ "నీకేం కావాలి?" అని అడిగే మనిషి. నీడలు అని పిలిచే ప్రాచీన జాతికి దూత. పాత్రధారి ఎడ్ వాసర్. 1993 నాటి పైలట్‌లో ఈయనే కంట్రోల్ రూంలో చిన్న ఉద్యోగి వేషంలో కనిపిస్తాడు. దాన్ని పద్యంలోకి లాగొద్దు.

సమస్య, తేటగీతి నాలుగో పాదం:

*కోర్కెఁ దీర్చెడువాఁడె పో కొంప ముంచు*

తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. గణాలు: కోర్కె (గల, అంటే గురువు, లఘువు), దీర్చెడు (భ), వాఁడె పో (ర), కొంప (గల), ముంచు (గల). యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) కో–కొం. అరసున్న తూకానికి లెక్కలోకి రాదు, వదిలేసి రాసినా ఫరవాలేదు. నిండుసున్న మాత్రం పెట్టొద్దు. 'కోర్కెం' అంటే రెండు గురువులై మొదటి సూర్యగణమే పోతుంది.

పూరించే ముందు రెండు ప్రశ్నలు తేల్చుకోండి: తీర్చేది ఎవరు, కొంప ఎవరిది. అవి తేలాక మూడో పాదం రాయండి, తర్వాత వెనక్కి రండి. మొదటి పాదం నుంచి మొదలుపెట్టినవాళ్ళు మూడో పాదం దగ్గర చోటు చాలక కర్తను మింగేస్తుంటారు.

లబ్బీపేట:

ఏమి కావలె నీకని యెదుటి కొచ్చి
నవ్వుచునె లోండొ మనసున నాటె విషము
రాజ్యమును బెంచి చూపించి రక్తమద్ది
కోర్కెఁ దీర్చెడువాఁడె పో కొంప ముంచు

బ్రాడీపేట:
గణాలు, యతులు సరిపోయాయి. 'లోండో' రెండు గురువులు, 'చునె' పక్కన ఇంద్రగణంలో పట్టదు. చివర హ్రస్వం చేసి 'చునె లోండొ' సలం చేసుకున్నారు. పరభాషా నామాలకు ఆ వెసులుబాటు ఉంది. మూడో పాదం కథకు దగ్గరగా ఉంది: సెంటారీల శత్రుజాతి నార్నుల స్థావరం క్వాడ్రంట్ 37 బూడిదైనప్పుడు లోండో పలుకుబడి పెరిగింది, రక్తమూ అంటింది.

రెండు చోట్ల అభ్యంతరం. 'ఎదుటి కొచ్చి' మాట్లాడేటప్పటి రూపం, మిగతా పద్యమంతా గ్రాంథికం. మధ్యలో అది పంటికింద రాయి. 'యెదుట నిలిచి' అంటే న, న సూర్యగణాలు, యతి ఏ–యె అలాగే ఉంటుంది. రెండోది 'నాటె విషము'. విషం ఎక్కుతుంది, పాకుతుంది, నాటేది విత్తు. 'నాటె విత్తు' అనండి, గల–గల. విషం మాట అనకపోయినా పాఠకుడికి అందుతుంది, రక్తం ఎటూ కింద ఉంది.

కొరిటెపాడు:

మోర్డె నడిగిన దొకటియె కోర్కె యేమి
నీకుఁ గావలె నేమి యా నీడవాఁడు
ఔననిన చాలు నంతయు నప్పగించు
కోర్కెఁ దీర్చెడువాఁడె పో కొంప ముంచు

బ్రాడీపేట:
మొదటి పాదంలో యతి లేదు. మో–కో అచ్చు కలిసింది, హల్లు కలవలేదు. యతికి రెండూ కలవాలి. ప్రాసయతి అందామన్నా మోర్డె–కోర్కెలో రెండో అక్షరాలు ర్డ, ర్క. చెవికి దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి చాలామంది మోసపోయేది ఇక్కడే. పైగా 'కోర్కె యేమి' అన్నాక రెండో పాదంలో మళ్ళీ అదే ప్రశ్న. ఆ నాలుగు, ఐదు గణాలు ఖాళీ చేసి ఆ మనిషి నవ్వును పెట్టండి:

మోర్డె నడిగిన దొకటియె మోము విరియ

ఆ పాత్రను గుర్తుపట్టించేది ఆ నవ్వే కదా. మూడో పాదం యతి ఔ–అ బాగుంది.

లబ్బీపేట:
కానీ 'ఔననిన చాలు' కథకు సరిపోదేమో బ్రాడీపేట గారూ. లోండో ఎక్కడా ఔనని సంతకం పెట్టడు. మొదటి సీజన్ చివరి భాగం 'క్రిసాలిస్'లో క్వాడ్రంట్ 37 గొడవ తన ప్రభుత్వానికి తలనొప్పి అంటాడు, మేం చూసుకుంటాం అంటాడు మోర్డెన్. అంతే జరిగింది.

కొరిటెపాడు:
వద్దనకపోవడమే ఔననడం అండీ. అక్కడ మోర్డెన్ వ్యాపారమంతా ఎదుటివాడి మౌనం మీదే నడుస్తుంది. ఆ పాదం అలాగే ఉంచుతాను, మొదటిది మాత్రం మీరు చెప్పినట్టు.

పటమట:

పగను గోరెను జీకారు బదులు లేక
తరిమెను డెలెను నుదుటను దాగు మచ్చ
మెఱయ; లోండొయె నమ్మెను మేలటంచు
కోర్కెఁ దీర్చెడువాఁడె పో కొంప ముంచు

అరండల్‌పేట:
ముగ్గురు రాయబారుల్నీ మూడు పాదాల్లో సర్దారు, అది చిన్న పని కాదు. 'సైన్స్ అండ్ పోర్టెంట్స్' భాగంలోని వరస ఇదే: నార్నుల రాయబారి పగ కోరారు, ఆ తర్వాత ఏమిటంటే చెప్పలేకపోయారు, మిన్‌బారీ జాతి రాయబారి డెలెన్ నుదుట గుర్తు వెలగగానే పొమ్మంది, లోండో మాత్రం తన సామ్రాజ్యపు పాత వైభవం అడిగాడు, దూతకు కావలసిన జవాబు దొరికింది. డెలెన్ పేరును గణం మధ్యలోకి తోయడం తెలివైన పని. 'ను డెలెను' నల గణం. పాదం మొదట పెట్టి ఉంటే యతి కోసం నాలుగో గణం మొదట ట, డ అక్షరాలు పడే మాట వెతకాలి, తెలుగులో వాటితో మొదలయ్యేవి తక్కువ.

బ్రాడీపేట:
అన్వయం చూడండి. పాదం ఆపకుండా చదివితే 'బదులు లేక తరిమెను డెలెను' అని వస్తోంది. బదులు లేనిది ఆమెకు కాదు, అతనికి. పాదాంతంలో క్త్వార్థకమో ('చేసి' లాంటిది) వ్యతిరేక క్త్వార్థకమో ('చేయక', 'లేక' లాంటిది) పెడితే అది తర్వాతి క్రియను పట్టుకుంటుంది, రాసినవారి ఉద్దేశంతో దానికి పని లేదు. అక్కడ వాక్యం తెగాలి.

ఇంకొకటి, పేరు జీకార్ కాదు, జకార్ అనే పలుకుతారు. జకారు అంటే లగల, జగణం. తేటగీతిలో దానికి సొంత గది లేదు, అందుకే మీరు మొదటి అక్షరం సాగదీశారు. సాగదీయకుండా దారి ఉంది: ముందు 'ఆ' చేర్చండి. 'ఆ జ', 'కారు' రెండు గలాలు, చివరి రెండు సూర్యగణాల్లో సరిగ్గా కూర్చుంటాయి. అప్పుడు యతి 'ఆ' మీద పడుతుంది కాబట్టి పాదం అకారంతో మొదలవ్వాలి.

పటమట:

అడుగఁ బగయె కావలె నను నా జకారు

అడుగ (న), బగయె కా (నగ), వలె నను (నల), నా జ (గల), కారు (గల). యతి అ–ఆ. వాక్యం 'జకారు' దగ్గర ముగిసింది కాబట్టి 'తరిమెను' ఇక డెలెన్‌దే.

బ్రాడీపేట:
ఇప్పుడు పద్యం నిలబడింది.

మొగల్రాజపురం:
అందరూ కొంప లోండోది అనుకుంటున్నారు. తీర్చేవాడు మోర్డెన్ కాకపోతే?

శూలమున నీదు శిరమును జూచి నేను
చేయి యూపెద ననె వీరు, చివరకదియె
లోండొ సెలవీయ జరిగెను లోకమెఱుఁగ
కోర్కెఁ దీర్చెడువాఁడె పో కొంప ముంచు

అరండల్‌పేట:
ఇదండీ పూరణ అంటే! రెండో సీజన్లో (1995) మోర్డెన్ అదే ప్రశ్న లోండో సహాయకుడు వీర్‌ని అడుగుతాడు. నీ తల శూలానికి గుచ్చి ఉండగా చూసి ఇలా చెయ్యూపాలని ఉంది అంటాడు ఆ అమాయకుడు, వేళ్ళు ఆడించి చూపిస్తాడు. నాలుగో సీజన్ 'ఇన్‌టు ది ఫైర్'లో (1997) సెంటారీ రాజప్రాసాదపు తోటలో అచ్చంగా అదే. అడిగిన దూతకే జవాబు తగిలింది. సమస్యలో 'తీర్చెడువాఁడు' లోండో, 'కొంప' మోర్డెన్‌ది. అందరూ ఒకే ఇంటి చుట్టూ తిరుగుతుంటే మీరు పక్కింట్లోకి వెళ్ళారు.

లబ్బీపేట:
'వీరు' అనగానే సర్వనామం అనుకోరూ?

మొగల్రాజపురం:
సర్వనామమైతే 'అనిరి' రావాలి. 'అనె' ఏకవచనం, కనుక పేరే.

బ్రాడీపేట:
ఆ సమాధానం ఒప్పుకుంటాను. యతి శూ–జూ కూడా సరే, శకారానికి చవర్గంతో మైత్రి ఉంది. నా గొడవ మూడో పాదంతో. 'జరిగెను లోకమెఱుఁగ' అంటే ఏం జరిగింది? మోర్డెన్ పేరే పద్యంలో లేదు, 'నీదు' అన్నది ఎవరినో తెలియదు. సీరియల్ చూడనివాడికి కొంప ఎవరిదో అందదు, మెచ్చుకోవలసిన విరుపే జారిపోతుంది. 'లోకమెఱుఁగ' యతి కోసం తెచ్చి నింపిన మాట. ఆ చోటులో మనిషిని చంపండి:

చేయి యూపెద ననె వీరు, చెప్పినట్లె
లోండొ సెలవీయ మోర్డెను లోక ముడిగె

'మోర్డెన్' పొల్లుతో రెండు గురువులు. ఉకారం చేర్చి 'మోర్డెను' అంటే భగణం, ఇంద్రగణం చోట చక్కగా పడుతుంది. లో–లో యతి చెడలేదు.

మొగల్రాజపురం:
తీసుకున్నాను. 'సెలవీయ' మాత్రం మార్చను. చంపమని ఆజ్ఞ ఇవ్వడానికి దర్బారు భాషలో అదే మాట, లోండో అప్పటికి ప్రధానమంత్రి.

సత్యనారాయణపురం:
ఆ చావు మీదే ఇంకో సమస్య ఇస్తున్నాను, కందం చివరి పాదం. నా పూరణా కిందే ఉంది, దయ తలచకుండా చూడండి.

*దూతను జంపించి శాంతిదూతగ నిలిచెన్*

పాతకపు నీడ తవిలిన
జాతిని గాపాడఁ దలఁచి జాగృతుఁడగుచున్
చేతులు దడబడక లోండొ
దూతను జంపించి శాంతిదూతగ నిలిచెన్

బ్రాడీపేట:
ప్రాస తకారం నాలుగు పాదాల్లోనూ ఉంది, ముందు గురువే ఉంది. మూడో పాదం విడగొట్టండి: చేతులు (భ), దడబడ (నల), క లోండొ (జ). కందంలో బేసి గణం జగణం కాకూడదు. అది మూడో గణం. మాత్రలు పన్నెండూ సరిపోతాయి కాబట్టి వేళ్ళమీద లెక్క పెట్టేవాళ్ళకు దొరకదు, పాడితే మాత్రం అక్కడ గొంతు తడబడుతుంది.

అరండల్‌పేట:
ఛందస్సు సరే, సమస్య విడిందా? దూతను చంపరాదన్నది లంకలో విభీషణుడు చెప్పిన నీతి. కొట్టవచ్చు, అంగవైకల్యం చేయవచ్చు, తల గొరిగించవచ్చు, ప్రాణం తీయకూడదు. చంపినవాడు శాంతిదూత ఎలా అయ్యాడో పద్యం చెప్పాలి. 'జాతిని కాపాడ' అన్నది సగం జవాబే.

మొగల్రాజపురం:
మిగతా సగం కథలోనే ఉంది. దూతకు అవధ్యత్వం ఎప్పుడు? ఫలానా ప్రభువు పంపగా వచ్చానని చెప్పుకున్నప్పుడు. మోర్డెన్ ఎవరి తరఫున వచ్చాడో సూటిగా చెప్పడు, 'నా సహచరులు' అంటాడు. వాళ్ళు కంటికి కనబడకుండా అతని పక్కనే నిలబడి ఉంటారు. చివర లోండో భటులు ముందు కాల్చింది ఆ పక్కనున్న ఖాళీ గాలినే. అధికారపత్రం లేదు, ప్రభువు పేరు లేదు, లోండో ప్రియురాలు అడీరాకు విషం పెట్టించి నింద ఇంకొకడి మీదికి తోసిన చరిత్ర ఉంది. ఇతను చారుడు, దూత కాదు. చారుడు చిక్కితే శిక్ష పడుతుంది.

బ్రాడీపేట:
అయితే రెండు పనులూ ఒక్క దెబ్బకు అవుతాయి. లోండోను మూడో పాదం నుంచి ఎత్తి రెండో పాదంలో మూడో గణం చేయండి. అర్ధపద్యంలో అది ఆరో గణం; అక్కడ జగణమో నలమో తప్ప మరొకటి పనికిరాదు. బేసి స్థానంలో తరిమేసిన 'క లోండొ' జగణమే అక్కడ 'డ లోండొ'గా ఉండి తీరాల్సిన గణం అవుతుంది. మూడో పాదం ఖాళీ అయింది, అందులో ఆ దూత నీతి తప్పినవాడని చెప్పండి.

సత్యనారాయణపురం:

పాతకపు నీడ తవిలిన
జాతిని గాపాడ లోండొ జాగృతుఁడగుచున్
నీతిం దప్పిన నీడల
దూతను జంపించి శాంతిదూతగ నిలిచెన్

నీతిం (గగ), దప్పిన (భ), నీడల (భ).

పటమట:
పద్యం బాగుంది గానీ లోండోను శాంతిదూత అంటే నార్నులు ఊరుకోరు. వాళ్ళ గ్రహం మీద మాస్ డ్రైవర్లతో బండలు కురిపిస్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డది ఈయనే.

సత్యనారాయణపురం:
అతని ఉద్యోగమే బాబిలాన్ 5లో సెంటారీ రాయబారి, ఆ స్టేషన్ కట్టింది యుద్ధాలు రాకుండా. పదవిని బట్టి దూత. నీడలకు శత్రువులైన మరో ప్రాచీన జాతి వోర్లానుల గ్రహనాశక నౌక నెత్తిమీదికి వస్తున్న ఆ ఒక్క రోజుకు 'నిలిచెన్' అన్నాను, జీవితాంతానికి కాదు.

బ్రాడీపేట:
భూతకాలం కాబట్టి చెల్లుతుంది. 'నిలుచున్' అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.