విదేశీ యాపిల్ మీద సుంకం 100 శాతం చేయాలా, వద్దా?

తోటమాలి77:
యాపిల్ దిగుమతి సుంకాన్ని 50 శాతం నుంచి 100కి పెంచమని హిమాచల్, కశ్మీర్ రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. నేను వాళ్ల వైపే. నా చిన్నప్పుడు యాపిల్ అంటే ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్తూ పట్టుకెళ్లే పండు. గడ్డి పరిచిన చెక్కపెట్టెలో వచ్చేది, కశ్మీర్‌దో సిమ్లాదో అయ్యుండేది. 2001 నాటికి దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తేశారు. మెల్లగా స్టిక్కర్ పండ్లు వచ్చాయి. ఇవాళ మండల కేంద్రంలో తోపుడుబండి మీద కూడా అవే. ఏటా 20 లక్షల టన్నులకు పైగా యాపిల్ పండించే దేశానికి ఇంకా లక్షల టన్నులు బయటి నుంచి ఎందుకు?

సంతమనిషి:
అన్నా, నేను ఇరవై ఏళ్లుగా పండ్ల కమీషన్ దుకాణంలో ఉన్నా. హైదరాబాద్ కొత్తపేటలో మొదలుపెట్టి ఇప్పుడు బాటసింగారంలో. నీ ప్రశ్నకు జవాబు క్యాలెండర్‌లో ఉంది. హిమాచల్ సరుకు జులై ఆఖర్లో ఊపందుకుంటుంది. కశ్మీర్‌ది సెప్టెంబరు నుంచి నవంబరు. ఆ తర్వాతంతా గిడ్డంగి సరుకే. మామూలు కోల్డ్ స్టోరేజీ కాదు, ఆక్సిజన్ తగ్గించి పండును నిద్రపుచ్చే సీఏ స్టోరేజీ. అది ఏప్రిల్, మే దాకా లాగుతుంది. ఆపైన బండివాడు ఏం పెట్టాలి? అప్పుడే న్యూజిలాండ్, చిలీ పండు దిగుతుంది, అక్కడ కోత ఫిబ్రవరి నుంచి కాబట్టి. అది ఎవరి పొట్టా కొట్టట్లేదు. మామిడి సీజన్‌లో యాపిల్ ఎవరు తింటారని అడగకండి. షుగర్ ఉన్నవాళ్లు తింటారు.

తోటమాలి77:
న్యూజిలాండ్ సంగతి సరే. మరి ఇరాన్, టర్కీ? అవీ భూగోళంలో మన సగంలోనే ఉన్నాయి, వాళ్ల కోత కూడా మనతో పాటే. కశ్మీర్ రైతు గిడ్డంగి తలుపు తీసే నెలల్లోనే వాళ్ల కంటైనర్లు దిగుతాయి. రేటు వస్తుందని అద్దె కట్టి ఆగినవాడికి దెబ్బ అక్కడే.

సంతమనిషి:
అది నిజం. ఇరాన్ లోడు వచ్చిన వారం వేలంపాటలో తేడా నాకే కనిపిస్తుంది.

లెక్కలపిచ్చి:
సుంకం పెంచితే ఏమవుతుందో ఊహించక్కర్లేదు, ఒకసారి చేసి చూశాం. అమెరికా మన ఉక్కు, అల్యూమినియం మీద సుంకం వేసిందని 2019 జూన్‌లో మనం వాళ్ల యాపిల్ మీద అదనంగా 20 శాతం వేశాం. మొత్తం 70 అయింది. 2018-19లో అమెరికా నుంచి 1,27,908 టన్నులు వస్తే 2022-23లో వచ్చింది 4,486 టన్నులు. చప్పట్లు కొట్టే ముందు రెండో లెక్క కూడా చూడండి. అదే కాలంలో మిగతా దేశాల నుంచి వచ్చే యాపిల్ విలువ 16 కోట్ల డాలర్ల నుంచి 29 కోట్లకు పెరిగింది. అమెరికా ఖాళీ చేసిన కుర్చీలో టర్కీ, ఇటలీ, చిలీ, ఇరాన్, న్యూజిలాండ్ సర్దుకుని కూర్చున్నాయి. చైనా విషయంలోనూ ఇంతే. తెల్లటి నురగ వల తొడుక్కుని వచ్చే ఫ్యూజీ రకం యాపిల్ గుర్తుందా? పురుగులు, తెగుళ్లు వస్తున్నాయని 2017లో ఆపేశాం. బండి మీద ఆ చోటు ఒక్కరోజైనా ఖాళీగా ఉందా?

తోటమాలి77:
ఒక్క దేశాన్ని ఆపితే పక్క దేశం దూరుతుంది, ఒప్పుకుంటా. అందుకే కదా అందరి మీదా వేయమంటున్నది.

లెక్కలపిచ్చి:
వేయలేం. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో యాపిల్‌కు మనం ఒప్పుకుని వచ్చిన గరిష్ఠ సుంకం 50 శాతం. ఇప్పుడు వేస్తున్నదీ అంతే. ఆ 20 శాతం అమెరికా సుంకానికి జవాబుగా వేసింది, 2023 సెప్టెంబరులో అదీ తీసేశాం. ఇంకో తమాషా ఏమిటంటే ఈ 50లో అసలు కస్టమ్స్ సుంకం 15 మాత్రమే, మిగతా 35 వ్యవసాయ సెస్సు. 2021 బడ్జెట్‌లో అలా విడగొట్టారు. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు. రైతు పేరు చెప్పి వసూలు చేసేదాంట్లో హిమాచల్‌కు పంపకం లేదన్నమాట.

గెలలరైతు:
లెక్కలు బానే ఉన్నాయండి. రైతు వైపు నుంచి ఒక మాట చెప్తాను. మాది పామాయిల్ తోట, ఏలూరు జిల్లా. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద కస్టమ్స్ సుంకం 20 శాతం చేస్తే ప్రాణం లేచొచ్చింది. 2025 మే ఆఖర్లో దాన్నే 10కి దించారు. ఎనిమిది నెలలు! మొక్క నాటి మూడు నాలుగేళ్లు ఆగి మొదటి గెల కోసేవాడు ఎనిమిది నెలల ముచ్చటను నమ్ముకుని ఏం లెక్క వేసుకుంటాడండీ? పాత రకం యాపిల్ చెట్టుకి ఇంకా ఎక్కువే ఆగాలి. 50 ఉంచుతారో 70 చేస్తారో తర్వాత, పెట్టినదాన్ని కదపకుండా ఉంచమనండి ముందు.

కొత్తగావచ్చా:
అసలు ఆ మెరుపంతా మైనం అంట కదా? ఆరోగ్యం కోసమైనా ఆపేయాలి.

సంతమనిషి:
తేనెమైనం లాంటివి పూయడానికి మన ఆహార నిబంధనలే ఒప్పుకుంటాయి. దానికి వేరే చర్చ పెట్టుకో తమ్ముడూ.

మన వైపు తప్పులు ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే రాస్తా. విదేశీ పెట్టె తెరిస్తే పై వరసలో ఉన్న సైజే అడుగునా ఉంటుంది. మన పెట్టెలో పై వరస చూసి పాట పాడితే అడుగున గోలీకాయలు. హిమాచల్‌లో 24 కిలోల అట్టపెట్టెలో 30 దాకా కుక్కి పంపేవాళ్లు, రేటు మాత్రం పెట్టెకే. 2024 సీజన్ నుంచి అందరికీ ఒకే కొలత ఉండే 20 కిలోల అట్టపెట్టె (యూనివర్సల్ కార్టన్) తప్పనిసరి చేశాక కాస్త దారికొచ్చింది. ఇక కశ్మీర్ సంగతి. 2025లో సరిగ్గా సీజన్ ముందర కొండచరియలు విరిగిపడి జమ్ము-శ్రీనగర్ హైవే రోజుల తరబడి మూతపడింది. పండు లారీల్లోనే కుళ్లింది. సెప్టెంబరులో బడ్గాం నుంచి ఢిల్లీకి పార్సిల్ రైలు వేశారు. ఆ రైలు పదేళ్ల ముందు ఉండుంటే ఇరాన్ గురించి ఇంత టెన్షన్ ఉండేది కాదు.

తోటమాలి77:
రోడ్డు బాగయ్యేదాకా ఇరాన్ పండు తింటూ కూర్చోవాలా? 2023 మేలో ఒక మంచి పని చేశారు. కిలోకి రూ.50 కంటే తక్కువ విలువతో యాపిల్ దిగుమతి కాకూడదన్నారు, ఒక్క భూటాన్‌కు తప్ప. దానికీ తూట్లు పడ్డాయని రైతు సంఘాలు మొత్తుకుంటున్నాయి. తక్కువ రేటు సరుకుకు కాగితం మీద 50 రాసుకుంటున్నారట. ఇరాన్ పండు ఆఫ్ఘనిస్థాన్ పేరుతో వస్తే దక్షిణాసియా దేశాల మధ్య ఉన్న సాఫ్టా వాణిజ్య ఒప్పందం కింద సుంకమే ఉండదు. యాభై రూపాయల మీద సగం సుంకం కట్టినవాడికి ఓడరేవులోనే 75 పడుతుంది, కట్టనివాడికి 50. కిలోకి పాతిక రూపాయలు మిగులుతుంటే ఎవడు ఊరుకుంటాడు?

లెక్కలపిచ్చి:
ఇది నేనూ ఒప్పుకునే పాయింటు. సుంకం లేకుండా తెచ్చే సరుకు నిజంగా ఆ దేశంలోనే పండిందని చూపించే పూచీ దిగుమతిదారుదేనని 2020 సెప్టెంబరు నుంచి నిబంధన ఉంది. అడిగి చూసేవాళ్లు కావాలి, అంతే.

సంతమనిషి:
పండు చూసి మాత్రం పట్టుకోలేరు. రెడ్ డెలిషియస్ రకం ఎక్కడ పండినా రెడ్ డెలిషియసే. పెట్టె మారిస్తే నేనే చెప్పలేను.

తోటమాలి77:
సరే, 100 అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. 50లో ఒక్క శాతం తగ్గించినా మాత్రం ఒప్పుకోను. న్యూజిలాండ్‌తో 2025 డిసెంబరులో కుదిరిన ఒప్పందంలో కోటా మేరకు 25 శాతానికే రానిస్తామన్నారు. అదేంటి?

సంతమనిషి:
అది దిగేది మన సరుకు అయిపోయాకే కదా అన్నా.

తోటమాలి77:
రేపు కశ్మీర్‌లో ఇంకొన్ని సీఏ గిడ్డంగులు కట్టి, జూన్ దాకా మన సరుకే ఉంటే? అప్పుడు ఆ కోటాను ఏం చేస్తారు?

గెలలరైతు:
ఏం చేస్తారో తెలియాలంటే మే ఆఖరి దాకా ఆగాలండి. మా పామాయిల్ ఉత్తర్వు అప్పుడే వచ్చింది.