విచారణను ఆపడానికి వేసిన కేసు ఖర్చు ఛైర్మన్ చేతే కట్టించడం ఎలా?

మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న మున్సిపాలిటీ. వీధి దీపాల కొనుగోలులో అక్రమాలపై లోకాయుక్తకు ఫిర్యాదు చేశాం. విచారణ మొదలవగానే, 2024 ఆగస్టులో, ఛైర్మన్ హైకోర్టులో రిట్ వేసి మధ్యంతర స్టే తెచ్చుకున్నారు. అప్పటి నుంచి వాయిదాలే. పిటిషనర్‌గా ఉన్నది ఆయన పేరు, లాయర్ ఫీజు మాత్రం మున్సిపల్ నిధుల నుంచి వెళ్తోందని కౌన్సిలర్లే చెబుతున్నారు. మేము కట్టిన ఇంటి పన్నుతో మా ఫిర్యాదునే ఆపడం చాలా బాధగా ఉంది.

ఫీజు ఎంత ఇచ్చారని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, కేసు కోర్టులో ఉంది కాబట్టి ఇవ్వలేమన్నారు. సెక్షన్ 8(1)(బి) ప్రకారం కోర్టు స్పష్టంగా నిషేధించిన, లేదా వెల్లడిస్తే కోర్టు ధిక్కారమయ్యే సమాచారాన్నే ఆపవచ్చని మొదటి అప్పీలులో రాశాం. అదీ తిరస్కరించారు. రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్ దగ్గర పెండింగ్‌లో ఉంది. మాకు తెలిసిన లాయర్‌ను అడిగితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35ఏ కింద తప్పుడు లేదా వేధింపు వాదనలకు వచ్చే పరిహారం 3,000 రూపాయలు దాటదని, పైగా అది రిట్లకు పనికిరాదని చెప్పారు.

దక్షిణాఫ్రికాలో 2017 డిసెంబరులో ప్రిటోరియా హైకోర్టు, అవినీతి నివేదిక విడుదలను అడ్డుకోబోయిన అప్పటి అధ్యక్షుడు జాకబ్ జుమాను కోర్టు ఖర్చులు సొంతంగా కట్టమని ఆదేశించింది. ఇక్కడా అలాంటిది కావాలి.

ఫిర్యాదుదారులుగా మేము ఆ రిట్‌లో ఇంప్లీడ్ అయి (పార్టీగా చేరి), ఖర్చులు ఛైర్మన్ సొంత డబ్బుతో కట్టేలా ఆదేశించమని హైకోర్టును కోరవచ్చా?