వేపాకు సారం ప్లేట్ మీద పనిచేస్తే మందు అయిపోయినట్టేనా?

మైక్రో_కుర్రాడు: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వేపాకు మిథనాల్ సారాన్ని బ్యాక్టీరియా పెంచే అగర్ జెల్లీ ప్లేట్‌లో గుంటలు చేసి పోశాను. స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా మీద 14 మి.మీ. జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) వచ్చింది, ఈ.కోలై మీద దాదాపు ఏమీ లేదు. పక్కన పెట్టిన యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ డిస్క్‌కి 26. ముగింపులో ‘యాంటీబయాటిక్‌కు సహజ ప్రత్యామ్నాయం’ అని రాయమంటున్నారు మా గైడ్. రాయొచ్చా?

పెరటిమందు: నిరభ్యంతరంగా రాయండి. తరతరాలుగా వేపపుల్లతో పళ్లు తోముకున్న వాళ్లం. మలేరియా మందు ఆర్టెమిసినిన్ కూడా చైనా పాత వైద్యం నుంచే వచ్చింది, దానికి 2015లో నోబెల్ ఇచ్చారు.

అగర్‌ప్లేటు: తమ్ముడూ, గుంటలో ఎంత పోశావు?

మైక్రో_కుర్రాడు: మిల్లీలీటరుకు 50 మి.గ్రా. సారం, గుంటకు 100 మైక్రోలీటర్లు.

అగర్‌ప్లేటు: అంటే 5 మిల్లీగ్రాములు. సిప్రో డిస్క్‌లో ఉండేది 5 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్లు ఎక్కువ పోసినా జోన్ సగమే వచ్చింది. పైగా జోన్ సైజు చూసి బలం చెప్పలేం. అగర్‌లో తేలిగ్గా పాకే పదార్థం పెద్ద జోన్ ఇస్తుంది, పాకనిది ఎంత బలమైనదైనా చిన్నదే ఇస్తుంది. వట్టి మిథనాల్ పోసిన గుంట పెట్టావా? అది లేకపోతే చంపింది వేపో, మిథనాలో తెలియదు. ఈ.కోలై లొంగకపోవడం మామూలే, అలాంటి గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియాకు కణం బయట ఇంకో పొర అడ్డుంటుంది.

పెరటిమందు: ఇది అన్యాయమైన పోలిక గురూగారూ. ఒకటి శుద్ధమైన మందు, ఇంకోటి వందల పదార్థాలున్న ముడి సారం. అందులో అసలైనది ఒక శాతమే ఉండొచ్చు. పైగా కలిసి ఉండటంలోనే బలం ఉండొచ్చు. కొన్ని మొక్కల్లో బ్యాక్టీరియాను చంపే బెర్బెరిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని స్టెఫైలోకాకస్ తన కణంలోని పంపు పెట్టి బయటికి తోసేస్తుంది. అదే మొక్కలో ఆ పంపును ఆపే పదార్థం కూడా ఉందని 2000లో అమెరికాలో చూపించారు. విడదీస్తే ఆ సంగతి బయటపడేదా?

అగర్‌ప్లేటు: బెర్బెరిన్ పాయింటు ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూడా రెండు పదార్థాలనీ విడదీసి, పేరు పెట్టాకే కదా తేల్చారు! ఆర్టెమిసినిన్‌కు ఆ నోబెల్ అందుకున్న తు యూయూ కథ కూడా నా వైపే. వేడి చేస్తే గుణం పోతోందని ఈథర్‌తో తక్కువ వేడి మీద తీశారు, జంతువుల మీద చూశారు, ఆ తర్వాత తామే మింగి చూశారు. ప్లేట్ దగ్గర ఆగలేదు.

మైక్రో_కుర్రాడు: యాంటీఆక్సిడెంట్ గుణం చూసే డీపీపీహెచ్ పరీక్షలో ఊదా రంగు బాగానే పసుపైంది. ‘క్యాన్సర్ నివారిణి’ అని కూడా రాయమన్నారు.

అగర్‌ప్లేటు: దయచేసి వద్దు. అది క్యూవెట్ అనే చిన్న పరీక్ష పాత్రలో జరిగే రంగు మార్పు. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ ఇచ్చిన పెద్ద ట్రయల్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది, 1994లో ప్రచురించారు. అది కూడా పేరున్న యాంటీఆక్సిడెంటే.

పెరటిమందు: అది మాత్ర, ఆకు కాదు.

అగర్‌ప్లేటు: నిజమే. సారం మటుకు ఆకా?

మైక్రో_కుర్రాడు: ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) పరీక్ష చేద్దామంటే ఆకు రంగుకి ట్యూబులన్నీ ముదురాకుపచ్చగా ఉన్నాయి, బ్యాక్టీరియా పెరిగితే వచ్చే మడ్డి కనబడట్లేదు.

అగర్‌ప్లేటు: రెసజురిన్ అనే నీలం రంగు వెయ్యి. బ్యాక్టీరియా బతికున్న చోట గులాబీ రంగు, లేని చోట నీలమే ఉంటుంది. బ్యాక్టీరియా వెయ్యని సారం గుంట ఒకటి పక్కన పెట్టడం మర్చిపోకు, కొన్ని సారాలు తామే ఆ రంగు మార్చేస్తాయి.